వెండితో సెర్స్ సబ్‌స్ట్రేట్ ఎలా చేయాలి: ఏ మూల కొలిచినా ఒకే సిగ్నల్ రావాలంటే

మీకు రామన్ స్పెక్ట్రోమీటర్ (లేజర్ వేసి, వెనక్కొచ్చే కాంతిలో రంగు మార్పుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే పరికరం) అందుబాటులో ఉంది. కానీ శాంపిల్‌లో మీరు వెతుకుతున్న పదార్థం మైక్రోమోలార్లలోనే ఉంది. ఎంతసేపు లేజర్ వేసినా పీక్ లేవడం లేదు. ఎమ్మెస్సీ, ఎంటెక్ ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లలో, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లలో ఈ ఇబ్బంది చాలామందికి ఎదురయ్యేదే. దీనికి మందు సెర్స్, అంటే సర్ఫేస్ ఎన్‌హాన్స్‌డ్ రామన్ స్కాటరింగ్: వెండి లాంటి లోహపు నానోరేణువుల మీద పదార్థాన్ని ఉంచి రామన్ సిగ్నల్‌ని పెంచే పద్ధతి. ఆ రేణువులు ఎక్కించిన ముక్కే సబ్‌స్ట్రేట్. రెడీమేడ్ సెర్స్ చిప్‌లు మార్కెట్లో దొరుకుతాయి గానీ వాటి ధర చూస్తే ప్రాక్టీసు కోసం వాడబుద్ధి కాదు. సిల్వర్ నైట్రేట్, సోడియం సిట్రేట్, ఫిల్టర్ పేపర్, బాగా శుద్ధి చేసిన నీళ్లు, ఒక హాట్‌ప్లేట్, ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ ఉంటే మామూలు కెమిస్ట్రీ ల్యాబులోనే పనికొచ్చే సబ్‌స్ట్రేట్ తయారవుతుంది. క్లీన్‌రూమ్ అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. సెర్స్‌లో ఒక్కచోట పెద్ద పీక్ తెప్పించడం గొప్ప కాదు. ఎక్కడో కొన్ని వెండి రేణువులు బాగా దగ్గరగా చేరతాయి, లేజర్ సరిగ్గా అక్కడే పడుతుంది, స్క్రీన్ మీద పీక్ లేస్తుంది. స్టేజీని కాస్త పక్కకి జరిపితే అందులో పావు వంతు కూడా రాదు. అలాంటి ముక్కతో దేన్నీ కొలవలేం. ముక్క మీద పాతిక చోట్ల చూస్తే పాతిక చోట్లా దాదాపు అదే ఎత్తు రావాలి, వచ్చే నెల ఇంకో బ్యాచ్ చేసినా అలాగే రావాలి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దీనికోసమే.

ఎందుకింత తేడా వస్తుందో తెలిస్తే జాగ్రత్తలు విసుగనిపించవు. 1928లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కనుగొన్న రామన్ ప్రభావం సహజంగానే బలహీనం. పడిన కాంతిలో సుమారు కోటి ఫోటాన్లకు ఒకటే రంగు మారి బయటికొస్తుంది. 1974లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్‌క్విలన్ గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ స్పెక్ట్రం తీస్తే సిగ్నల్ చాలా బలంగా వచ్చింది. గరుకుదనం వల్ల ఉపరితలం పెరిగింది, అందుకే ఎక్కువ అణువులు అంటుకున్నాయి అనుకున్నారు. అది చాలదని 1977లో వాన్ డ్యూయిన్, జాన్‌మేర్ ఒకపక్క, ఆల్బ్రెక్ట్, క్రైటన్ ఇంకోపక్క తేల్చారు. అసలు పని చేసేది వెండిలోని ఎలక్ట్రాన్ల ఊగిసలాట. కాంతి తగలగానే అవి కలిసికట్టుగా ఊగి, రేణువుల మధ్య సన్నటి సందుల్లో విద్యుత్ క్షేత్రాన్ని విపరీతంగా పెంచుతాయి. ఆ సందులనే హాట్‌స్పాట్లు అంటాం. రామన్ సిగ్నల్ ఆ క్షేత్రానికి దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. క్షేత్రం పది రెట్లు పెరిగితే సిగ్నల్ పదివేల రెట్లన్నమాట. సందు కొన్ని నానోమీటర్లు వెడల్పయినా ఆ లాభం చాలావరకు పోతుంది. చేతిలో ఇంత చిన్న తేడా, స్పెక్ట్రంలో అంత పెద్ద తేడా రావడానికి కారణం ఇదే.

నీళ్లు

చాలామంది తేలిగ్గా తీసుకునేదీ, బ్యాచ్‌లు ఎక్కువగా పాడయ్యేదీ ఇక్కడే. కావలసింది 18.2 మెగాఓమ్ నీళ్లు, అంటే కరిగిన లవణాలు దాదాపు పూర్తిగా తీసేసినవి. ఇకమీద మంచి నీళ్లంటే ఇవే, తాగే నీళ్లు కాదు. మీ ల్యాబులో మిల్లీ-క్యూ లాంటి నీళ్లు శుద్ధి చేసే యూనిట్ లేకపోతే పక్క డిపార్ట్‌మెంట్‌లో అడిగి అదే రోజు తెచ్చుకోండి. పెట్రోల్ బంకులో బ్యాటరీ కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ దీనికి పనికిరాదు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు గ్లాస్‌వేర్ చివరిసారి కడగడానికి కూడా వద్దు.

నీళ్ల మీద అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. శుభ్రమైన టెస్ట్‌ట్యూబులో 5 మి.లీ. నీళ్లు పోసి 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేయండి. ట్యూబు వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. జలమండలి కుళాయి నీళ్లయితే వెంటనే పాలు కలిపినట్టు తెల్లబడతాయి, అది సిల్వర్ క్లోరైడ్. మంచి నీళ్లయితే పది నిమిషాలైనా ఏమీ మారదు. సన్నటి పొగలాంటి తెరలు కనిపించినా ఆ నీళ్లు పక్కన పెట్టండి. క్లోరైడ్ కాస్త ఉన్నా కొల్లాయిడ్ (మనం తయారు చేయబోయే, నీళ్లలో వెండి నానోరేణువులు తేలుతుండే ద్రవం) గడ్డకట్టే తీరు మారుతుంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ పొంతన కుదరదు.

గ్లాస్‌వేర్

పుస్తకాల్లో, పేపర్లలో గ్లాస్‌వేర్‌ని ఆక్వా రీజియాతో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) కడగమని రాసి ఉంటుంది. బంగారానికి అది సరైనదే. వెండి పనికి మాత్రం నా సలహా నైట్రిక్ ఆమ్లం. ఆక్వా రీజియాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి గాజుకి అంటుకున్న పాత వెండి కరిగిపోకుండా సిల్వర్ క్లోరైడ్ పొరగా మారి అక్కడే కూర్చుంటుంది. కంటికి శుభ్రంగా కనిపిస్తుంది గానీ తర్వాతి బ్యాచ్ ఆ పొర మీదే మొదలవుతుంది. అందుకని సగానికి సగం నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంలో ఫ్లాస్కునీ, స్టిర్ బార్‌నీ ఒక గంట ఉంచండి. ఫ్యూమ్ హుడ్‌లో, కళ్లద్దాలు, గ్లవ్స్ వేసుకుని చేయాలి, ఆ ఆమ్లం దగ్గరికి అసిటోన్, ఆల్కహాల్ రాకూడదు. తర్వాత మంచి నీళ్లతో నాలుగైదుసార్లు తొలవండి. గోడ మీద నీళ్లు చుక్కలుగా నిలవకుండా పల్చటి పొరలా జారితే గాజు శుభ్రపడినట్టు.

స్టిర్ బార్ మీద గీతలు పడి నల్లగా ఉంటే దాన్ని ఈ పనికి వాడకండి. ఆ గీతల్లో పాత లోహం ఉంటుంది. వెండి పనికి ఒక ఫ్లాస్కు, ఒక బార్ విడిగా పెట్టుకుని పేరు రాసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

కొల్లాయిడ్ కాచడం

ఇది లీ, మైసెల్ 1982లో ఇచ్చిన పద్ధతి. వాళ్లు 500 మి.లీ. నీళ్లలో 90 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్ కరిగించి మరిగించారు, అందులో 1 శాతం సోడియం సిట్రేట్ ద్రావణం 10 మి.లీ. కలిపి గంటసేపు మరగనిచ్చారు. మనకి అందులో ఐదో వంతు చాలు. 100 మి.లీ. నీళ్లకు 18 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్, 2 మి.లీ. సిట్రేట్. 18 మి.గ్రా. నేరుగా తూచితే పొరపాటు శాతం పెరుగుతుంది కాబట్టి 180 మి.గ్రా.ని 100 మి.లీ.లో కరిగించి, అందులోంచి 10 మి.లీ. తీసి 90 మి.లీ. నీళ్లలో కలపడం మేలు. మిగిలిన స్టాక్‌ని అంబర్ సీసాలో, ఫాయిల్ చుట్టి చీకట్లో ఉంచండి. సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే మర్నాటికి నల్ల మచ్చవుతుంది. ఓటు వేసినప్పుడు వేలికి రాసే సిరాలో ఉండేదీ అదే, ఎంత తోమినా పోదు.

సిట్రేట్ ద్రావణం ఏ రోజుకా రోజు చేసుకోండి. నిలవ ఉంచితే బూజు పడుతుంది, అది కంటికి కనిపించకముందే ఫలితం మారుతుంది.

250 మి.లీ. గుండ్రటి అడుగు ఫ్లాస్కుకి కండెన్సర్ బిగించి, నూనె బాత్‌లో లేదా హీటింగ్ మాంటిల్ మీద పెట్టండి. బీకర్‌లో తెరిచి మరిగిస్తే గంటలో నీళ్లు తగ్గిపోయి గాఢత మారుతుంది. మే నెలలో ట్యాంకు నీళ్లు వేడెక్కి ఉంటాయి, కండెన్సర్ సరిగా పని చేయదు. పొద్దున్నే చేసుకోవడమో, బకెట్లో ఐస్ వేసి చిన్న పంపుతో తిప్పడమో చేయండి.

సిల్వర్ నైట్రేట్ ద్రావణం బాగా తెర్లుతున్నప్పుడే సిట్రేట్ వేయాలి. వేడెక్కీ ఎక్కనప్పుడు వేస్తే రేణువులు ఒకేసారి పుట్టవు, సైజులు చిన్నా పెద్దా అవుతాయి. 2 మి.లీ. సిట్రేట్‌ని ఒక్కసారిగా కుమ్మరించకుండా, అలాగని సాగదీయకుండా, సుమారు ఒక నిమిషంలో చుక్కచుక్కగా వేయండి. స్టిర్రర్ వేగం మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి, ఆ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇక రంగు చూస్తూ ఉండండి. కొన్ని నిమిషాలు ఏమీ కాదు. తర్వాత లేత పసుపు తిరుగుతుంది, అది ముదిరి తేనె రంగులోకి వస్తుంది, చివరికి ఆకుపచ్చ జీర ఉన్న బూడిద రంగులో నిలుస్తుంది. ఎదుటి నుంచి చూస్తే మసకగా, లైటుకి అడ్డం పెట్టి చూస్తే పసుపుగా ఉంటుంది. గంటయ్యాక మంట ఆపి, తిప్పుతూనే గది ఉష్ణోగ్రతకి రానివ్వండి. ఫ్లాస్కు గోడకి అద్దంలా వెండి పూత పట్టినా, అడుగున నల్లటి నలకలు చేరినా ఆ బ్యాచ్‌ని వదిలేయండి. దాన్ని వడగట్టి వాడదామని ప్రయత్నించకండి.

మరిగించే వీలు లేకపోతే లియోపోల్డ్, లెండ్ల్ 2003లో ఇచ్చిన పద్ధతి ఉంది. హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్, సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రావణంలో గది ఉష్ణోగ్రతలోనే సిల్వర్ నైట్రేట్ కలిపితే క్షణాల్లో కొల్లాయిడ్ అవుతుంది. తొందరగా అయిపోతుంది, బాగానే పని చేస్తుంది. అయినా మొదటిసారి చేసేవాళ్లకి సిట్రేట్ పద్ధతే నయమని నా అభిప్రాయం. పసుపు దగ్గర ఎంతసేపు ఆగింది, మసక ఎప్పుడు పట్టింది అని గమనిస్తే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది.

యూవీ-విజిబుల్ స్పెక్ట్రం తప్పక తీయండి. పది రెట్లు పల్చన చేసి చూస్తే 400 నుంచి 430 నానోమీటర్ల మధ్య శిఖరం రావాలి. శిఖరం చోటు, సగం ఎత్తులో వెడల్పు రెండూ రాసుకోండి. కుడివైపు 600 దాకా పొడవాటి తోక ఉంటే అప్పటికే గడ్డలు కట్టాయని అర్థం. మొదటి మంచి బ్యాచ్ స్పెక్ట్రం ప్రింట్ తీసి గోడకి అతికించుకోండి, తర్వాతివన్నీ దానితో పోల్చాలి.

కాగితం మీదికి ఎక్కించడం

వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపర్ వాడండి. ప్రింటర్ కాగితం వద్దు, అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు లేజర్ కింద మెరిసి పీక్‌లని ముంచేస్తాయి. ఆఫీసు పంచింగ్ మిషన్‌ని ఆల్కహాల్‌తో తుడిచి దానితో గుండ్రటి బిళ్లలు కొట్టుకుంటే అన్నీ ఒకే సైజులో వస్తాయి. కత్తెరతో అంత సమానంగా రావు.

ముందు బిళ్లల్ని 20 మిల్లీమోలార్ ఉప్పు ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టి ఆరబెట్టండి. 100 మి.లీ. నీళ్లకి 117 మి.గ్రా. ల్యాబు సోడియం క్లోరైడ్. వంటింటి ఉప్పులో అయోడిన్ కలిపి ఉంటుంది, అది వెండికి గట్టిగా అంటుకుంటుంది కాబట్టి వద్దు. ఈ కొద్దిపాటి ఉప్పు వెండి రేణువుల మీది రుణావేశాన్ని కాస్త తగ్గించి వాటిని కాగితం నారల మీద దగ్గరదగ్గరగా చేరనిస్తుంది. మనకి కావలసిన సందులు అక్కడే పుడతాయి. నీళ్లలో ముందే చెప్పిన క్లోరైడ్ భయం వేరు, ఇది వేరు. అక్కడ ఎంత ఉందో మనకి తెలియదు, ఇక్కడ లెక్కగా వేస్తున్నాం.

తర్వాత కొల్లాయిడ్‌ని చిక్కబరచాలి. 1.5 మి.లీ. సెంట్రిఫ్యూజ్ ట్యూబుల్లో పోసి 6000 ఆర్పీఎం దగ్గర పది నిమిషాలు తిప్పండి. పైనున్న తేట నీళ్లు 1.35 మి.లీ. మెల్లగా పిపెట్‌తో తీసేస్తే పది రెట్లు చిక్కనవుతుంది. అడుగున ఉన్నది వేలితో తడితే మళ్లీ నీళ్లలో కలిసిపోవాలి. కలవకుండా గోడకి నల్లగా అంటుకుంటే వేగం ఎక్కువైందన్నమాట, 5000కి తగ్గించండి. మళ్లీ మళ్లీ కడిగితే సిట్రేట్ పోయి రేణువులు ముద్దకడతాయి, ఒక్కసారి చాలు.

ఇక్కడ రెండు దారులున్నాయి. చిక్కటి కొల్లాయిడ్‌ని పిపెట్‌తో బిళ్ల మీద చుక్కగా వేయడం ఒకటి, బిళ్లని కొల్లాయిడ్‌లో రాత్రంతా ముంచి ఉంచడం ఇంకొకటి. చుక్క వేస్తే త్వరగా అయిపోతుంది. కానీ ఆరేటప్పుడు నీళ్లు అంచువైపు పారుతూ రేణువుల్ని కూడా లాక్కెళ్తాయి. బల్ల మీద ఒలికిన కాఫీ ఆరితే అంచు ముదురుగా మిగిలినట్టే ఇక్కడా ముదురు వలయం ఏర్పడుతుంది. వలయం మీద లేజర్ పడితే ఒక సిగ్నల్, మధ్యలో పడితే ఇంకో సిగ్నల్. అందుకే ముంచే పద్ధతే పట్టుబట్టి చేయమంటాను. మూత ఉన్న చిన్న గాజు సీసాలో బిళ్లలు ఒకదానిమీద ఒకటి పడకుండా వేసి, కొల్లాయిడ్ పోసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున బిళ్లలు బూడిద, గోధుమ కలిసిన రంగులో, రెండువైపులా సమానంగా ఉంటాయి. ఒక్కొక్కటీ మంచి నీళ్లలో ఒకసారి ముంచి తీసి, పెట్రీ డిష్‌లో మూత ఓరగా పెట్టి నీడలో ఆరనివ్వండి. ఫ్యాన్ కింద, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టకండి.

బిళ్లని చేత్తో ముట్టుకోవద్దు, గ్లవ్స్ వేసుకున్న చేత్తో కూడా. రబ్బరు, నైట్రైల్ గ్లవ్స్ తయారీలో డైథయోకార్బమేట్, థయురామ్ జాతి గంధకపు రసాయనాలు వాడతారు. వెండికి గంధకమంటే ప్రాణం, అవి కొద్దిగా అంటినా గట్టిగా పట్టుకుంటుంది. పైగా మన రైతులు విత్తనశుద్ధికి వాడే థైరామ్ కూడా అదే కుటుంబంలోది. మీరు వేరుశనగ విత్తనాల మీద థైరామ్ వెతుకుతుంటే, మీ గ్లవ్స్ పీక్‌నే చూసి దొరికిందనుకునే ప్రమాదం ఉంది. శుభ్రమైన ఫోర్సెప్స్‌తో అంచు మాత్రమే పట్టుకోండి. రబ్బరు బిరడాలు, రబ్బరు బ్యాండ్లు కూడా ఈ బిళ్లల డబ్బాలోకి రానివ్వకండి.

తొందరగా కావాలంటే రాగి రేకు

రాగిని సిల్వర్ నైట్రేట్‌లో ముంచితే రాగి కరిగి, ఆ చోట వెండి వచ్చి కూర్చుంటుంది. కరెంటూ, రిడ్యూసింగ్ ఏజెంటూ ఏవీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్ మెటల్ షాపుల్లో పల్చటి రాగి రేకు అడగండి. బేగంబజార్‌లో కొన్న పాత్రనో, పళ్లేన్నో కోసి వాడదామనుకుంటే వాటి మీద మెరుపు కోసం లాకర్ పూత ఉండొచ్చు, ముందు అది పోవాలి. రేకుని 1200 నంబర్ ఎమరీతో ఒకే దిశలో రుద్ది, అసిటోన్, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, 5 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఒక నిమిషం ముంచండి. హైడ్రోక్లోరిక్ వద్దు, కారణం మీకు తెలిసిందే. నీళ్లతో కడిగిన వెంటనే 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్‌లో వేయండి.

రాగి ఎరుపు మీద మొదట బూడిద మబ్బు కమ్ముతుంది, నిమిషాలు గడిచేకొద్దీ ముదిరి నల్లబడుతుంది. మెరుపు లేని సమమైన బూడిద రంగు దగ్గర తీసేయాలి. నల్లటి పొడి దాకా ఆగితే ఫెర్న్ ఆకుల్లాంటి వెండి కొమ్మలు పొడవుగా పెరిగి, కడిగేటప్పుడు రాలిపోతాయి. కడగడమంటే బీకర్ నీళ్లలో మెల్లగా ముంచి తీయడమే, వాష్ బాటిల్‌తో చిమ్మకూడదు. ఈ రేకు అదే రోజు వాడేయండి, గాలికి రాగి, వెండి రెండూ పాడవుతాయి. సిగ్నల్ కాగితం కంటే బలంగా వస్తుంది, సమానత్వంలో మాత్రం కాగితమే నమ్మకం.

మీ డిపార్ట్‌మెంట్‌లో థర్మల్ ఎవాపరేటర్ ఉంటే ఇంకో మెట్టు ఎక్కొచ్చు. పాలిస్టైరిన్ గోళాల్ని గాజు మీద ఒకే వరసలో పరిచి, దానిపైన సుమారు 200 నానోమీటర్ల వెండి పూత వేస్తారు. వాన్ డ్యూయిన్ బృందం బాగా వాడిన దారి ఇది. గచ్చిబౌలిలోని యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టడానికి అల్ట్రాఫాస్ట్ లేజర్‌తో లోహాన్ని చెక్కి సెర్స్ ఉపరితలాలు చేస్తున్నారు. ఆ స్థాయి పని మన ఊళ్లోనే జరుగుతోంది. సెమినార్లు ఉన్నప్పుడు వెళ్లి వినండి.

కొలవడం

రామన్ మీ దగ్గర లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఊరిపేరుతో వెతికితే ఏయే సంస్థల్లో ఏ లేజర్ ఉందో, స్లాట్ ఎలా బుక్ చేయాలో తెలుస్తుంది. బిళ్లలు తయారయ్యాక స్లాట్ కోసం ఎదురుచూడకుండా, స్లాట్ తేదీ చూసుకుని దానికి రెండు రోజుల ముందు బిళ్లలు చేయండి.

పరీక్షకి అందరూ రోడమిన్ 6జీ వాడతారు. 532 నానోమీటర్ల లేజర్‌తో అది అద్భుతంగా కనిపిస్తుంది. కానీ ఆ రంగు సరిగ్గా అదే చోట కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి ఆ సిగ్నల్లో మీ వెండి గొప్పతనం ఎంతో, రెజొనెన్స్ గొప్పతనం ఎంతో విడదీయలేం. నిజాయితీగా అంచనా కావాలంటే 4-మెర్కాప్టోబెంజోయిక్ ఆమ్లం తీసుకోండి. ఆల్కహాల్‌లో 10 మైక్రోమోలార్ ద్రావణంలో బిళ్లని గంటసేపు ఉంచి, ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి ఆరబెడితే 1078, 1587 వేవ్‌నంబర్ల (రామన్ స్పెక్ట్రంలో పీక్ చోటుని చెప్పే కొలత) దగ్గర రెండు చక్కటి పీక్‌లు వస్తాయి. లేజర్ 633 లేదా 785 అయితే బ్యాక్‌గ్రౌండ్ గొడవ తక్కువ.

ముందు సిలికాన్ ముక్కతో 520 పీక్ సరిచూసుకోండి. తర్వాత బ్లాంకులు: ఏమీ వేయని బిళ్ల, ఉత్త ఆల్కహాల్ మాత్రమే వేసిన బిళ్ల, వెండి లేని మామూలు కాగితం. కాగితపు సెల్యులోజ్ 1095, 1120 దగ్గర సొంత పీక్‌లు ఇస్తుంది. మీ పదార్థం పీక్ అక్కడే ఉంటే కాగితం కాకుండా రాగి రేకు ఎంచుకోండి. బ్లాంకులో ఇంకేవైనా పదునైన పీక్‌లు ఉంటే వాటికి కారణం దొరికేదాకా ముందుకు వెళ్లకండి.

లేజర్ పవర్ శాంపిల్ దగ్గర ఒక మిల్లీవాట్ లోపే మొదలుపెట్టండి. ఒకేచోట వరసగా పదిసార్లు తీసి ఒకదానిపైన ఒకటి పెట్టి చూడండి. పీక్ తగ్గుతూ, 1350, 1580 దగ్గర రెండు వెడల్పాటి దిబ్బలు లేస్తుంటే కాగితమో, అణువో మాడి బొగ్గవుతోంది. పవర్ తగ్గించండి. ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్ లెన్స్) విషయంలో కూడా 50ఎక్స్ మీదికి ఎగబడకండి. కాగితం ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఫోకస్ తప్పుతుంది. 10ఎక్స్‌తో లేజర్ చుక్క పెద్దదవుతుంది, ఒకేసారి ఎక్కువ రేణువుల సగటు వస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక బిళ్ల మీద ఐదు వరసలు, ఐదు నిలువులు, మొత్తం 25 చోట్ల ఒకే పవర్, ఒకే సమయంతో స్పెక్ట్రం తీయండి. మంచి చోటు వెతుక్కుంటూ స్టేజీ తిప్పొద్దు, స్థానాలు ముందే నిర్ణయించి వచ్చినది వచ్చినట్టు రాసుకోండి. బేస్‌లైన్ తీసేశాక 1078 పీక్ ఎత్తుల సగటు, స్టాండర్డ్ డీవియేషన్ లెక్కకట్టండి. డీవియేషన్‌ని సగటుతో భాగిస్తే 20 శాతంలోపు వచ్చిందంటే చేతితో చేసిన కాగితానికి అది మంచి ఫలితం. ఆ తర్వాత అదే బ్యాచ్‌లో ఇంకో నాలుగు బిళ్లలు, ఆ తర్వాత వేరే రోజు చేసిన బ్యాచ్. మూడు అంకెలూ థీసిస్‌లో విడివిడిగా ఇవ్వండి. చాలామంది మొదటిదొక్కటే ఇస్తారు, చదివేవాళ్లకి అవసరమైనది మూడోది.

ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పడానికి సులువైన లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకి వెండి లేకుండా 0.1 మోలార్ ద్రావణం 500 కౌంట్లు ఇచ్చిందనుకోండి. మీ బిళ్ల మీద 1 మైక్రోమోలార్ ద్రావణం 20,000 కౌంట్లు ఇచ్చింది. కౌంట్లని గాఢతతో భాగిస్తే మొదటిది 5 వేలు, రెండోది 2 వేల కోట్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 40 లక్షల రెట్లు. పవర్, సమయం, లెన్స్ రెండింటికీ ఒకటే అయి ఉండాలి. ఈ లెక్కలో ఎన్ని అణువులు నిజంగా వెండిని అంటుకున్నాయో ఉండదు కాబట్టి దీన్ని అనలిటికల్ ఎన్‌హాన్స్‌మెంట్ ఫ్యాక్టర్ అని పూర్తి పేరుతోనే రాయండి. కౌంట్లలో 25 చోట్ల సగటు వేయాలి, అందులో అన్నిటికంటే పెద్దది కాదు.

నిలవ ఉంచడం, వ్యర్థాలు

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలో తేమ ఎక్కువ, వెండి తొందరగా నల్లబడుతుంది. ల్యాబు నాలా పక్కన ఉంటే ఇంకా తొందరగా, ఆ కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌దే. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడటానికీ గంధకమే కారణం. బిళ్లల్ని గాజు పెట్రీ డిష్‌లో పెట్టి, ఫాయిల్ చుట్టి, సిలికా జెల్‌తో సహా జిప్ కవర్‌లో వేసి డెసికేటర్‌లో ఉంచండి. వారం దాటితే వాడే ముందు ఒక బిళ్లతో 1078 పీక్ సరిచూడండి. మొదటిరోజు సగటులో 80 శాతం కూడా రాకపోతే ఆ డబ్బా పక్కన పెట్టి కొత్తది చేయండి.

వెండి ఉన్న నీళ్లేవీ సింకులో పోయకండి. చేపలకీ, మురుగునీటి శుద్ధిలో పని చేసే సూక్ష్మజీవులకీ వెండి అయాన్లు విషం. ఒక పెద్ద ప్లాస్టిక్ సీసాలో పోగు చేసి, ఉప్పు నీళ్లు కలిపితే వెండి అంతా తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకి దిగుతుంది. పైనున్న తేటని డిపార్ట్‌మెంట్ కెమికల్ వేస్ట్‌కి, అడుగుదాన్ని వెండి వేస్ట్ డబ్బాకి ఇవ్వండి. ఆ సీసాలో అమ్మోనియా మాత్రం ఎప్పుడూ కలపకండి. అమ్మోనియా, వెండి కలిసిన ద్రావణం నిలవ ఉంటే పేలే పదార్థం ఏర్పడుతుంది. సీసా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో, ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, ల్యాబు అటెండర్‌కి కూడా ఒకసారి చెప్పి ఉంచండి.